అంబదాస్ చెవి

అంబదాస్ స్టూలు మీద నిలబడి, ఎడమ చేత్తో స్పీకరును గోడకు ఆనించి పట్టుకుని, పళ్ల మధ్య బిగించిన తీగ తొడుగును ఒక్క లాగు లాగాడు. ఎర్రటి ప్లాస్టిక్కు ముక్క ఊడి నాలుక మీద పడింది. తుపుక్కున ఉమ్మబోయి, కింద తెల్లటి పాలరాతి నేల కనబడేసరికి ఆగి, దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తొడుగు తీసే పనిముట్టు లేక కాదు, సంచిలో రెండున్నాయి. ఇరవై రెండేళ్లు సాంచాల మీద తెగిన దారాలను పళ్లతో కొరికి ముడేసిన మనిషికి, ఇనుప ముక్కతో చేస్తే పని చేసినట్టే ఉండదు. సిరిసిల్ల నుంచి సూరత్‌కు వచ్చినవాళ్లు మరమగ్గాలను సాంచాలనే అంటారు.

ఈ ఇంటికి అతను రావడం పదకొండు రోజుల్లో ఇది మూడోసారి. పాల్ అనే పేటలో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. ఇంటాయన రామమోహన్ హజీరాలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు మేనేజరు, తెనాలి వైపు మనిషి. ఐదు స్పీకర్ల పాత హోమ్ థియేటరు ఆరేళ్లుగా నిక్షేపంలా పనిచేస్తుండగా, ఐదును ఏడు చేయించి, పైకప్పులో మరో రెండు పెట్టించి, కొత్త ఆంప్లిఫయరు తెప్పించుకున్నాడు. అవన్నీ బిగించి, చెవితో విని సరిచేసి వెళ్లింది అంబదాసే. బాగున్నదాన్ని ఇంకా బాగు చేయించుకుందామనే సరదా ఎవరికుండదు! ఆ సరదా కాస్తా ఇంటికి తలనొప్పి అయి కూర్చుంది. మాటవరసకు అనడం లేదు. రామమోహన్ భార్య సీతాదేవికి నిజంగానే తలనొప్పి వస్తోంది. సినిమా పెట్టిన పావుగంటకల్లా కణతలు నొక్కుకుంటూ లేచి లోపలికి వెళ్లిపోతోంది.

"ఎవరైనా మాట్లాడుతుంటే చెవిలో సూది గుచ్చినట్టుందండీ" అంది ఆమె మొదటి కంప్లయింటులో. అంబదాస్ వచ్చి తీగలన్నీ మార్చాడు, సోఫాను మూరెడు ముందుకు జరిపాడు, కళ్లు మూసుకుని గంటసేపు విని మళ్లీ సరిచేశాడు. "ముందే నయం. ఇప్పుడు గుప్పెడు చెంచాలు పళ్లెంలో పడేసినట్టుంది" అంది రెండో కంప్లయింటులో.

ఇవాళ పొద్దున దుకాణంలో జిగ్నేశ్ భాయి పిలిచి కూర్చోబెట్టాడు. ఉధ్నా దర్వాజా దగ్గర ఆ దుకాణం అతని తండ్రి కాలం నాటిది. "అంబదాస్, ఆ ఇంటికి నేను సామాను అమ్మలేదు, నీ చెవిని అమ్మాను. ఇవాళ కూడా కుదరకపోతే ఇకమీదట ఇంకో మనిషిని పంపాల్సి వస్తుంది" అని హిందీలో చాలా మెత్తగా చెప్పాడు. తిట్టి ఉంటే అంబదాస్ పట్టించుకునేవాడు కాదు. ఆ మెత్తదనమే అతన్ని దారి పొడుగునా స్కూటరు మీద వేధించింది.

పదిహేనేళ్లుగా ఈ ఊళ్లో అతని పేరు చెవుల అంబదాస్. ఏ మీటరూ పెట్టడు. హాలు మధ్యలో నిలబడి, తలను కుడివైపుకు కొంచెం వాల్చి, కళ్లు మూసుకుని, రిమోటు మీద బొటనవేలితో కొంచెం కొంచెంగా నొక్కుతూ వింటాడు. ముఖంలో ఒక్క గీత కదలదు. చూసేవాళ్లకు అదేదో పూజ జరుగుతున్నట్టుండి, పిల్లలు కూడా నోరు మూసుకునేవారు. చివరికి కళ్లు తెరిచి "అయింది సార్" అంటే అయిపోయినట్టే. యాభై నాలుగేళ్ల వయసులో అతని దగ్గర ఇంకేముంది? కుడి భుజం సాంచాల దగ్గరే కిందికి జారిపోయింది. కళ్లద్దాల కాడ విరిగితే తీగ చుట్టాడు. వేళ్ల చివర్లు పగిలి నల్లబడ్డాయి. చూడ్డానికి ఏమీ లేని ఆ మనిషికి ఉన్న ఆస్తి ఆ రెండు చెవులే. అవి కూడా ఊరికే దొరికినవి కావు.

ఖటోదరాలో సాంచాలు నడిపినన్నాళ్లూ పక్కనున్నవాడి మాట విన్న పాపాన పోలేదు. నూట ఇరవై సాంచాలు ఒక్కసారి మోగుతుంటే అరిచినా వినబడదు. కార్ఖానాలో అందరూ మూతులు చూసే మాట్లాడుకునేవారు. చెయ్యి లేపితే దారం తెగిందని అర్థం. అతనితోపాటు పనిచేసిన బుచ్చిరాములుకు నలభై దాటకముందే పూర్తిగా చెవుడు వచ్చింది. వెనక నుంచి ఎంత పిలిచినా పలకకపోతే తోటివాళ్లు దారపు ఉండలు విసిరి నవ్వేవారు. బుచ్చిరాములు కూడా తిరిగి చూసి నవ్వేవాడు. ఆ నవ్వు చూసి అంబదాస్ భయపడ్డాడు. ముప్ఫై తొమ్మిదో ఏట సాంచాలు వదిలేసి, జిగ్నేశ్ భాయి దుకాణంలో తీగలు మోసే పనిలో చేరాడు.

చేరిన మొదటి వారంలోనే ఒక పెద్ద సెట్టు మీద ఏదో సినిమా ముక్క వేశారు. ఒక ఆడమనిషి ఎడమవైపు నుంచి కుడివైపుకు నడిచింది. కాలి గజ్జెలు ఒక స్పీకరులోంచి ఇంకో స్పీకరులోకి నడిచి వెళ్లాయి. ఇరవై రెండేళ్లు ఒకే ఒక్క మోత విన్న అంబదాస్‌కు, లోకంలో ఒక్కో చప్పుడూ దేనికదే విడివిడిగా ఉంటుందని అప్పుడే తెలిసినట్టయింది. ఆ రోజు అన్నం తినకుండా దుకాణంలోనే కూర్చుండిపోయాడు. బుచ్చిరాములు గతి పట్టకముందే బయటపడ్డానని ఎంత సంబరపడ్డాడో చెప్పలేం.

స్టూలు దిగి, రిమోటు నొక్కాడు. తెర మీద ఎవరో వార్తలు చదువుతున్నారు. సీతాదేవి వంటింటి గుమ్మంలో నిలబడి విని, మొహం చిట్లించింది.

"అలాగే ఉందండీ. ఏం మారలేదు."

"ఎడమ దిక్కుదా, కుడి దిక్కుదా అమ్మా?"

"అన్నీనూ."

అంబదాస్‌కు తల తిరిగిపోయింది. పొద్దున్నుంచి ఎడమది కుడికీ, కుడిది ఎడమకూ మార్చాడు. వెనక స్పీకర్లను జానెడు కిందికి దించాడు. మధ్యలోదాన్ని విప్పి లోపల దుమ్ము దులిపాడు. అతనికి వినబడుతున్నది వేరేగా ఉంది. వార్తలు చదివేవాడు నోట్లో బట్ట కుక్కుకున్నట్టు మాట్లాడుతున్నాడు. ఇంకాస్త పదును పెంచితే గాని మాట తేటపడదు. పెంచితేనేమో ఈమెకు సూదులు. తనకు మొద్దుగా ఉన్నది ఆమెకు పదునుగా ఎట్లా ఉంటుంది? ఒకే గదిలో, ఒకే స్పీకరులోంచి, ఒకే మాట కదా వస్తున్నది!

"ఇల్లే గిట్లున్నది సార్" అన్నాడు చివరికి. "కిందంత పాలరాయి, ఎదురుంగ అద్దం తలుపు. ఆవాజ్ గోడలకు తలిగి మల్ల మల్ల వస్తున్నది. జర మందపు పరదాలు కట్టి చూడాలె."

రామమోహన్ కొలత టేపు పట్టుకుని వచ్చాడు. శనివారం సెలవు కావడంతో ఆయనా పొద్దుట్నుంచి ఇదే పనిమీద ఉన్నాడు. ఇంటర్నెట్లో చదివినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

"ఇల్లు ఆరేళ్లుగా ఇదే కదండీ. పాత సెట్టుకు రాని రోగం కొత్తదానికి ఎందుకొచ్చినట్టు? నాకేం అర్థం కావట్లేదు."

"నాగ్గూడ సమజ్ అయితలేదు సార్" అన్నాడు అంబదాస్. ఆ మాట ఇంకొకరి ఇంట్లో నోరు తెరిచి అనడం అదే మొదటిసారి. అనేసరికి చెవుల చివర్లు వేడెక్కాయి.

ఇద్దరూ కలిసి మంచం మీది దుప్పట్లు తెచ్చి అద్దం తలుపుకు వేలాడగట్టారు. కిందేమో రెండు బొంతలు పరిచారు. హాలు కాస్తా పెళ్లివారి విడిదిలా తయారయింది. సీతాదేవి వచ్చి విని, తల అడ్డంగా ఊపి, తన మంచి దుప్పటికి మేకు దిగిందేమోనని చూసుకుని వెళ్లిపోయింది.

అప్పుడు గదిలోంచి వాళ్లమ్మాయి హరిణి వచ్చింది. ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతోంది. పుట్టి పెరిగింది సూరత్‌లోనే కాబట్టి నాలుక మీద మూడు భాషలు కలిసి తిరుగుతుంటాయి.

"అంకుల్, ఏక్ కామ్ కరో. నా ఫోన్‌లో టెస్ట్ ఉంది. ఒక సీటీ, అదే విజిల్ లాంటిది, లావు సౌండ్‌తో స్టార్ట్ అయి పత్లా అవుతూ పైకి పోతుంది. ఒక్కొక్క స్పీకర్‌లో వేసి చూద్దాం. శేమాం గడబడ్ ఛే, ఎందులో తేడా ఉందో తెలిసిపోద్ది."

అంబదాస్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. కుడి స్పీకరు ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెవి దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకున్నాడు. ముందు భూమిలోంచి వచ్చినట్టు ఒక గురక మొదలైంది. అది మెల్లగా గొంతు సవరించుకుని మూలుగైంది, మూలుగు ఈలైంది, ఈల సన్నబడుతూ పైకి పాకింది. ఇంకా పైకి. ఉన్నట్టుండి తెగిపోయింది.

"దొరికింది!" అని కేక వేశాడు. "దొరికింది సార్! చూశిండ్రా, నడిమిట్ల ఆగిపోయింది. సన్నటి ఆవాజ్ ఇచ్చే ట్వీటర్ కొట్టుకపోయింది దీనిది. పదకొండు రోజుల సంది గిదే మనల పరేషాన్ చేస్తున్నది!"

నవ్వుతూ వెనక్కి తిరిగాడు. సీతాదేవి రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుని ఉంది. హరిణి ఒక భుజాన్ని చెవికి ఆనించుకుని, మొహమంతా ముడుచుకుని, ఫోను మీద వేలితో వెతుక్కుంటోంది. రామమోహన్ పెదాలు "ఆపవే తల్లీ, ఆపు" అంటున్నాయి. తరువాత ముగ్గురి చేతులూ ఒకేసారి దిగాయి.

"ఆగిపోవడమేంటండీ బాబూ!" అన్నాడు రామమోహన్. "చెవులు చిల్లులు పడుతుంటేనూ."

అంబదాస్ నవ్వు ఎటు పోవాలో తెలియక మొహం మీదే ఉండిపోయింది. ఎడమ స్పీకరు దగ్గరికి వెళ్లాడు. అందులోనూ ఈల అక్కడిదాకా వచ్చి తెగిపోయింది. వెనక రెండింటిలో, పక్క రెండింటిలో, మధ్యదానిలో అంతే. నిచ్చెనెక్కి పైకప్పులోవాటికి చెవి పెట్టాడు. అక్కడా అదే మెట్టు మీద ఆగింది. తొమ్మిదింటికి తొమ్మిదీ ఒక్కచోటే ఖరాబవుతాయా? అట్లా ఎక్కడైనా ఉందా? ఆంప్లిఫయరే చెడి ఉంటుందన్నాడు. రామమోహన్ అటక మీది పాత ఆంప్లిఫయరు దింపి తెచ్చాడు. దానికి కలిపినా ఈల అక్కడే తెగింది. ఫోనులోనే లోపముందేమో అన్నాడు. హరిణి తన తండ్రి ఫోను తీసుకుని దాంట్లో వేసినా అంతే. అంబదాస్ నిచ్చెన మొదట్లో చతికిలబడి, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకున్నాడు. ప్రతిసారీ ఆ తల్లి, కూతురు అప్పటిదాకా ఊరుకుని, సరిగ్గా నిశ్శబ్దమయ్యాక చెవులు మూసుకుంటున్నారు. ఏం లేనిదానికి చెవులెందుకు మూసుకుంటున్నారు వీళ్లు? ఎగతాళి చేస్తున్నారా అంటే, చేసే మనుషుల్లా లేరు.

"బిడ్డా" అన్నాడు హరిణితో. "ఇంకొక్కసారి ఎయ్యి. నీకు ఇనవడ్డంత సేపు చెయ్యి లేపి పెట్టు. ఆవాజ్ బందైనంక దించు."

ఈసారి కళ్లు మూసుకోలేదు. ఆ అమ్మాయి చేతి వంకే చూస్తూ కూర్చున్నాడు. గురక, మూలుగు, ఈల. ఈల సన్నబడింది, పైకెక్కింది, తెగిపోయింది. హరిణి చెయ్యి పైనే ఉంది. అతను లోపల అంకెలు లెక్కపెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. చెయ్యి పైనే ఉంది. ఎనిమిది, తొమ్మిది. హరిణి కళ్లు సగం మూసుకుంది, పళ్లు బిగించింది, చెయ్యి మాత్రం దించలేదు. పదిహేడు దగ్గర దించింది.

పదిహేడు అంకెలు! అంత పొడుగు చప్పుడు ఈ గది నిండా మోగుతూ ఉంటే, తాను బండరాయిలా కూర్చుని ఉన్నాడు. వాటిల్లో ఏమేం పోయాయో ఎవరికి తెలుసు? గజ్జెలు పోయి ఉంటాయి. గాజులు పోయి ఉంటాయి. ఎన్ని ఇళ్లలో, ఎంతమంది నెత్తిన ఇట్లా సూదులు గుచ్చి, "అయింది సార్" అని కళ్లు తెరిచి వచ్చాడో! మొహమాటానికి ఎంతమంది ఊరుకున్నారో! అంబదాస్‌కు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయినట్టయింది. దాని వెనకాలే భయమేసింది. సాంచాలు వదిలాను గాని సాంచాలు నన్ను వదల్లేదురా అనుకున్నాడు.

రామమోహన్ కొలత టేపును బయటికి లాగుతూ, లోపలికి వదులుతూ నిలబడ్డాడు. సీతాదేవి మంచినీళ్ల గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టి, ఎదురుగా నేలమీద కూర్చుంది.

"మీకు ఆ చప్పుడు వినపడట్లేదు కదూ?" అంది.

"లేదమ్మా."

"ఇదివరకు ఏం పని చేసేవారు?"

"సాంచాలు నడిపేటోన్ని. ఖటోదరాల. ఇరువై రెండేండ్లు." నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "గప్పుడే బయటవడ్డ అనుకున్న. అప్పటికే పోయి ఉంటది. నేనే చూసుకోలేదు."

"మాతో బాగానే మాట్లాడుతున్నారు కదండీ ఇన్నాళ్లూ!" అన్నాడు రామమోహన్, నమ్మలేనట్టు.

"మూతి చూస్త సార్. కార్ఖానల అలవాటు. చూస్తున్ననని నాకే తెల్వది."

కాసేపటికి లేచి, కొత్త ఆంప్లిఫయరు వచ్చిన అట్టపెట్టె కోసం అడిగాడు. అది అటక మీదే ఉంది. అడుగున, తెరవని ప్లాస్టిక్కు కవరులో, ఒక నల్లటి చిన్న మైకు ఉంది. దానితోపాటు మడతలు విప్పి నిలబెట్టుకునే అట్ట స్టాండు ఒకటి. ప్రతి ఆంప్లిఫయరుతోనూ ఇలాంటిది వస్తుంది. మనిషి కూర్చునే చోట పెడితే, ఆంప్లిఫయరు తనంతట తానే ఒక్కో స్పీకరులోంచి చప్పుళ్లు పంపి, ఆ మైకుతో విని, అన్నీ సరిచేసుకుంటుంది. పదిహేనేళ్లుగా ప్రతి ఇంట్లోనూ దాన్ని డబ్బాలోనే ఉంచి అటకెక్కించాడు అంబదాస్. "నేనుండంగ గిదెందుకు సార్" అనేవాడు. ఇళ్లవాళ్లు నవ్వేవారు.

అట్ట స్టాండు మడతలు విప్పి నిలబెట్టడం అతనికి ఒక పట్టాన రాలేదు. హరిణి చేసి పెట్టింది. సోఫా మధ్యలో నిలబెట్టి, కొస మీద మైకు గుచ్చి, తీగ తెచ్చి ఆంప్లిఫయరుకు తగిలించాడు. ఇన్నాళ్లూ తాను పెంచినవీ తగ్గించినవీ అన్నీ ఒక్క మీటతో చెరిపేశాడు. వేలు ఆ మీట మీద కొంచెం సేపు ఆగింది గాని, నొక్కింది.

"గది ఖాలీ ఉండాలె. కిర్రుమని అనొద్దు ఎవలు" అన్నాడు.

తల్లీకూతుళ్లు, రామమోహన్ బాల్కనీలోకి వెళ్లి అద్దం తలుపు వేసుకున్నారు. అంబదాస్ బయట లిఫ్టు దగ్గరికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. అప్పుడే జేబులో ఫోను వణికింది. భార్య పద్మారాణి. రోజూ ఈ వేళకు చేస్తుంది, అదీ వీడియో కాలే. లింబాయత్‌లో వాళ్ల గదిలో చీరల కట్టల మధ్య కూర్చుని, అంచుల వెంట వేలాడే దారాలు కత్తిరిస్తూ మాట్లాడుతుంది. దుకాణంలోవాళ్లు "వదినకు నిన్ను చూడకుంటే ముద్ద దిగదే" అని ఎగతాళి చేస్తుంటారు. అంబదాస్ కూడా లోలోపల మురిసిపోయేవాడు.

"తిన్నవా?" అంది ఆమె తెరలోంచి.

"పద్మా, ఒకటడుగుత. నువ్వు మామూలు ఫోన్ ఎందుకు చెయ్యవు? రోజు గిట్ల మొకం చూపియ్యవడ్తివి ఎందుకు?"

కత్తెర ఆగింది. "ఏమైంది?"

"చెప్పు ముందుగాల."

"ఏముంటది? మూతి చూస్తెనే నీకు మాట అందుతది గద. వట్టి ఫోన్ల నేనొకటంటె నువ్వొకటంటవ్."

"ఎప్పటి సంది?"

ఆమె అటూ ఇటూ చూసింది. "ఏండ్లయింది. ఇంట్ల గూడ నీ ఎనక నిలవడి పిలుస్తననా ఎన్నడన్న? ముంగట్కి వచ్చే మాట్లాడుత."

అది భర్త అన్న మర్యాద అనుకున్నాడు అంబదాస్ ఇన్నేళ్లూ. అంతకంటే వేరే ఏముంటుందని కూడా అనుకోలేదు.

"మరి నాకెందుకు చెప్పకపోతివే?"

"ఏమని చెప్పాలె? చెవుల అంబదాస్ అని బస్తీ మొత్తం పిలుస్తుంటె, నీకు చెవుల్లేవని నేను చెప్పాల్నా?"

అంబదాస్ గోడకు తల ఆనించాడు. మెట్ల కిందినుంచి ఎవరో పైకి వస్తూ ఏదో అడిగి, జవాబు రాక చూసుకుంటూ వెళ్లిపోయారు.

"ఒక్క పని చెయ్యి" అన్నాడు. "ఫోన్ అటు తిప్పు. నీ మొకం కనవడొద్దు. తిప్పి ఏదన్న మాట్లాడు."

"ఎందుకయ్యా గివన్ని?"

"తిప్పు పద్మా."

తెర మీద పద్మారాణి ముఖం పోయి చీరల గుట్ట వచ్చింది. గులాబీ రంగువి, ఆకుపచ్చవి, అంచుల దగ్గర తెల్లటి దారపు కొసలు. ఫోనును చెవికి అదిమి పెట్టుకున్నాడు. దూరంగా, గోడ అవతల ఎవరో గొణిగినట్టు ఒక మెత్తటి రొద వినబడింది. ఒక్క మాట కూడా విడిపోలేదు. చాలాసేపే మాట్లాడింది. ఆ రొద మధ్యలో ఒకసారి ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది. ఫోను చెవి మీంచి తీసి చూసేసరికి ఆమె ముఖం మళ్లీ తెర మీద ఉంది, కళ్లు తడిగా ఉన్నాయి.

"ఏమన్నవే?"

"ఏం లేదు. బువ్వకు జల్ది రమ్మన్న."

బువ్వకు రమ్మనడానికి అంతసేపు పట్టదని అతనికి తెలుసు. ఇన్నేళ్లలో ఎదురుగా నిలబడి అనలేని మాటేదో ఇప్పుడు అనేసిందని కూడా తెలుసు. మళ్లీ చెప్పమని అడిగితే చెప్పదు. "వస్త" అని ఫోను పెట్టేశాడు. చొక్కా కొసతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు, కళ్లు కూడా తుడుచుకున్నాడు.

లోపలికి వచ్చేసరికి పని అయిపోయిందని తెర మీద అక్షరాలు వచ్చి ఉన్నాయి. రామమోహన్ ఏదో సినిమా పెట్టాడు. వాన పడుతున్న వీధి, గొడుగు కింద ఇద్దరు మనుషులు. సీతాదేవి మొదట గుమ్మంలోనే నిలబడింది. తరువాత రెండడుగులు ముందుకు వేసింది. ఆ తరువాత వచ్చి సోఫాలో ఒక పక్కకు కూర్చుంది. కణతల మీదికి చెయ్యి పోలేదు.

"అమ్మయ్య" అంది. "వాన వానలా ఉంది. మాటలు మాటల్లా ఉన్నాయి."

"మస్త్, అంకుల్!" అంది హరిణి.

అంబదాస్ అలవాటుగా తల వాల్చి విన్నాడు. అతనికి వాన లేదు. తెర మీద నీళ్లు పడుతున్నాయి, గదిలో దుప్పటి కప్పుకున్న మోత ఒకటి ఉంది. గొడుగు కింది ఇద్దరూ పెదాలు కదుపుతున్నారు. ఇంత చప్పగా ఉన్నదాన్ని వదిలి వెళ్లడమెట్లా? బొటనవేలు దానంతట అదే రిమోటు మీదికి వెళ్లింది. రెండంటే రెండు పాయింట్లు పెంచితే చాలు, వాన వస్తుంది. రామమోహన్ టేపు చుట్టడం ఆపి ఆ వేలినే చూస్తున్నాడు. హరిణి చూస్తోంది. సీతాదేవి మాత్రం వాన చూస్తోంది. ఆమె ముఖం పదకొండు రోజుల్లో మొదటిసారి వదులుగా ఉంది.

అతను ఆ ముఖాన్నే చూస్తూ ఉండిపోయాడు. తరువాత రిమోటును బల్ల మీద పెట్టేశాడు.

"మంచిగున్నది" అన్నాడు.

దుప్పట్లు విప్పి మడతపెట్టాడు, బొంతలు చుట్టాడు, నిచ్చెన తుడిచి బాల్కనీలో పెట్టాడు. నేల మీద పడిన తీగ ముక్కలన్నీ ఏరుకున్నాడు. ఆ పని అంతా అతను ఎప్పుడూ చేసేంత శుభ్రంగానే చేశాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ జిగ్నేశ్ భాయికి ఫోను చేశాడు. అవతలివాడు ఏమంటున్నాడో వినడానికి ప్రయత్నించలేదు. తాను చెప్పాల్సింది హిందీలో చెప్పేశాడు. ఇక్కడ కంప్లయింటు తీరిపోయింది, ఇంటివాళ్లు సంతోషంగా ఉన్నారు, రేపటినుంచి తీగలు లాగమంటే లాగుతాను, గోడలకు కన్నాలు వేయమంటే వేస్తాను, చప్పుడు సరిచూడటానికి మాత్రం ఇంకొకరిని చూసుకోండి. చెప్పి పెట్టేశాడు.

"భోజనం చేసి వెళ్లొచ్చు కదండీ" అంది సీతాదేవి, ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కో మాటా విడదీసి. ఆమె అలా విడదీసి చెప్పడం అతనికి తెలిసింది. నొప్పి కలిగింది గాని, దండం పెట్టాడు.

"ఇంట్ల ఎదురు చూస్తుంటదమ్మా."

"అంకుల్, ఆ మైక్ రహీ గయూ, మర్చిపోయారు" అంది హరిణి వెనకనుంచి. అతను పలకలేదు. ఆ అమ్మాయి నాలుక కరుచుకుని, ముందుకు వచ్చి, సోఫా వైపు వేలు చూపించింది.

"ఉండని బిడ్డా" అన్నాడు. "సోఫా జరిపినా, పరదాలు కట్టినా, మల్ల గట్లనే పెట్టుకోండ్రి. నన్ను పిలిచే పని లేదు."

సంచి భుజాన వేసుకుని లిఫ్టు ఎక్కాడు. తలుపులు మూసుకుంటుంటే రామమోహన్ ఏదో అన్నాడు. థాంక్సో, సారీయో, మరోటో. అప్పటికే ఆయన మూతికి తలుపు అడ్డం వచ్చింది.

ఆ సాయంత్రం ముగ్గురూ మొదటినుంచి చివరిదాకా ఒక సినిమా చూశారు. సీతాదేవి సోఫాలో ఒక కొసన కూర్చుంది, హరిణి ఇంకో కొసన కాళ్లు ముడుచుకుంది, రామమోహన్ కుర్చీ తెచ్చుకుని పక్కన వేసుకున్నాడు. సినిమా అయిపోయాక కూడా మైకును తీసి డబ్బాలో పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. సోఫా నడుమ, మనిషి కూర్చుంటే చెవి వచ్చేంత ఎత్తున, అట్ట స్టాండు మీద ఆ నల్లటి చిన్న మైకు అలాగే నిలబడి ఉంది.